‘సెల్ఫ్ యాక్సిడెంట్’ అని రాసి కేసు ముగించేస్తుంటే

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. ఫుడ్ డెలివరీ చేసేవాడు. పదకొండు రోజుల క్రితం రాత్రి పదిన్నర దాటాక పని ముగించుకుని వస్తున్నాడు. మెట్రో లైను కింద ఒక మలుపు తిరగగానే ట్రాఫిక్ పోలీసులు చెకింగ్ చేస్తున్నారట. చలాన్లు చాలా పెండింగ్‌లో ఉన్నాయన్న భయంతో బండి వెనక్కి తిప్పబోయాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. చేయి పట్టి లాగారని అక్కడి పాన్‌డబ్బా అతను మొదట చెప్పాడు, ఇప్పుడు నేనేం చూడలేదంటున్నాడు. లాఠీ విసిరారని ఇంకొకరన్నారు. ఎవరూ ముట్టుకోలేదు, తనే డివైడర్‌కు కొట్టుకున్నాడని పోలీసులు అంటున్నారు. తెల్లవారుజామున ఆస్పత్రిలో మా నాన్నతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయనకు సంతకం తప్ప చదవడం రాదు. ఎఫ్‌ఐఆర్‌లో సెల్ఫ్ యాక్సిడెంట్ అని రాసి, నిందితుడి పేరు దగ్గర మా తమ్ముడి పేరే పెట్టారు. దహనం అయిపోయింది. పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంకా చేతికి రాలేదు. మా మరదలు మూడో నెల గర్భిణి. మొన్న ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, గొడవెందుకు, ఎంతో కొంత ఇప్పిస్తానన్నాడు. నాన్న సంతకం పెట్టాక ఇక మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
ఒక అక్క, హైదరాబాద్

సమాధానం:

ఉందమ్మా. కానీ వరస తప్పితే ఉన్న దారులు కూడా మూసుకుపోతాయి. లాయరు, కోర్టు, పరిహారం ఇవన్నీ నెల తర్వాత మొదలుపెట్టినా నడుస్తాయి. కెమెరా రికార్డు మాత్రం ఆగదు. మీరు ఉత్తరం రాసేటప్పటికే పదకొండు రోజులు గడిచాయి కాబట్టి ముందు దాని సంగతే చెబుతాం.

రోడ్డు పక్క దుకాణాల్లో ఉండే డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డు దాచే పెట్టెలో, హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంది. డిస్క్ సైజును, కెమెరాల సంఖ్యను బట్టి వారం నుంచి నెల రోజుల వరకే పాతది నిలుస్తుంది. అందుకని ఈ రోజే ఇద్దరు మనుషులు ఆ చోటికి వెళ్లాలి. తమ్ముడు వచ్చిన దిక్కున అర కిలోమీటరు, పడిన చోటు నుంచి ముందుకు రెండు వందల మీటర్లు నడిచి, కనిపించిన ప్రతి కెమెరానూ కాగితం మీద ఎక్కించండి. ఏ దుకాణం, ఏ మెట్రో పిల్లర్ నంబర్ ఎదురుగా, కెమెరా ముఖం ఎటు ఉంది అన్నవి రాసుకోండి. పిల్లర్ నంబర్ తప్పనిసరి. ‘ఫలానా హోటల్ దగ్గర’ అని రాస్తే రేపు ఆ హోటల్ పేరు మారవచ్చు, పిల్లర్ నంబర్ మారదు. మలుపుకు ముందున్న కెమెరాలను కూడా వదలకండి. తమ్ముడు ఎంత వేగంతో వచ్చాడో, హెల్మెట్ ఉందో లేదో, వెనకాల ఎవరైనా తరిమారో చెప్పేవి అవే.

దుకాణదారు ఒప్పుకుంటే కాపీ తీసుకోండి. అయితే చాలామంది ఇక్కడే పొరబడతారు. డీవీఆర్ తెర మీద ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో పంపించుకుని, సాక్ష్యం దొరికిందనుకుంటారు. అది వార్తకు పనికొస్తుంది, కోర్టులో దాన్ని పక్కన పెట్టించడం ఎదుటి లాయరుకు పెద్ద పని కాదు. కొత్త పెన్‌డ్రైవ్ కొని, డీవీఆర్ మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చేసి, ఏ ఫార్మాట్‌లో వస్తే అదే ఫార్మాట్‌లో దించండి. సంఘటనకు ముందు అరగంట, తర్వాత గంట ఉండాలి. డీవీఆర్ గడియారం చాలాసార్లు ఐదో పదో నిమిషాలు తేడాగా నడుస్తుంది. తెర మీది టైము పక్కన మీ ఫోన్ టైము పెట్టి ఒక ఫొటో తీయండి, ఆ తేడా తర్వాత చాలా అవసరమవుతుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకు ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని తేల్చే అంకెల గుర్తు, కూడా రాయాలి. పాత చట్టంలోని 65బీ ధ్రువపత్రం లేనిదే కాపీ చెల్లదని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త చట్టమూ ఆ పట్టు సడలించలేదు. ధ్రువపత్రం పని లాయరు తర్వాత చూసుకుంటారు, దుకాణదారు పేరు, ఫోన్ నంబరు మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోండి.

దుకాణదారు పోలీసులకు భయపడి ఇవ్వనంటే బతిమాలుతూ కూర్చోవద్దు. రికార్డును భద్రపరచమని ఆయనకే ఒక కాగితం ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. అదే రోజు దర్యాప్తు అధికారికి, పైన డీసీపీకి అర్జీ పెట్టండి. అందులో ఇలా రాస్తే చాలు: ‘ఫలానా తేదీ రాత్రి 10 గంటల నుంచి 12 గంటల వరకు, ఫలానా పిల్లర్ నుంచి ఫలానా పిల్లర్ వరకు జత చేసిన జాబితాలోని ప్రైవేటు కెమెరాలు, పోలీసు కెమెరాలు, మెట్రో స్టేషన్ బయటి కెమెరాలు, డ్యూటీలో ఉన్న సిబ్బంది బాడీ కెమెరాలు, చలాన్ ఫొటోలు, కంట్రోల్ రూమ్ వైర్‌లెస్ సంభాషణల రికార్డు చెరిగిపోకుండా వెంటనే సీజ్ చేయాలని కోరుతున్నాను. ఈ అర్జీ అందాక రికార్డు పోతే అందుకు బాధ్యత సంబంధిత అధికారులదే.’ ఆ ఆఫీసు టపా విభాగంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే అక్కడ వాదులాట వద్దు, పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు అడిగి పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. ఆ తర్వాత రికార్డు పోయిందంటే, ఎందుకు పోయిందో చెప్పాల్సింది వాళ్లే. అర్జీ లేకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

చలాన్ల విషయంలో ఇంకో మాట. ఆ రాత్రి అదే చోట చలాన్ పడిన వేరే బండ్లవాళ్లు ఉంటారు. ఆ చలాన్ మీద చోటు, సమయం ఉంటాయి, ఫొటో ఉంటుంది. చెకింగ్ ఎన్ని గంటలకు ఎక్కడ నడిచిందో అది పోలీసుల కాగితంతోనే రుజువవుతుంది. పైగా ఆ బండ్లవాళ్లు ఎవరి పక్షమూ కాని సాక్షులు. బస్తీ వాట్సాప్ గ్రూపుల్లో, డెలివరీ కుర్రాళ్ల గ్రూపుల్లో అడిగితే ఒకరిద్దరైనా దొరకవచ్చు.

తమ్ముడి ఫోన్ మీ దగ్గరుంటే ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయకండి, సిమ్ తీయకండి. పోలీసులు అడిగితే మాత్రం సీజర్ పంచనామా రాసి, ఐఎంఈఐ నంబరు అందులో ఎక్కించి తీసుకోమనండి. డెలివరీ యాప్ ఆ రాత్రి ప్రయాణాన్ని నిమిషం నిమిషం నమోదు చేసి ఉంటుంది. ఆ డేటా భద్రపరచమని కంపెనీకి కూడా మెయిల్ పెట్టండి. బండి స్టేషన్‌లో ఉంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ అయ్యాక గానీ విడిపించుకోవద్దు. చేతికొచ్చాక రిపేరు చేయించొద్దు, కడగొద్దు. నాలుగు వైపులా ఫొటోలు తీసి, ప్రతి సొట్టా నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాయండి. డివైడర్ ఎత్తుకు సరిపోని సొట్ట ఉన్నా, వేరే వాహనం రంగు అంటుకుని ఉన్నా, వెనక లైటు మీద కర్ర దెబ్బలాంటి పగులు ఉన్నా దానికి వాళ్లు జవాబు చెప్పాలి.

ఇక నాన్న సంతకం. అది మిమ్మల్ని కట్టిపడేయదు. ఎఫ్‌ఐఆర్ దర్యాప్తుకు మొదటి మెట్టు మాత్రమే, తీర్పు కాదు. ఆ రాత్రి ఆయన అక్కడ లేరు, చూడలేదు, చదవలేరు. ఆ మూడు మాటలూ నాన్న పేరుతో, చదివి వినిపించినవారి సంతకంతో, ఒక అర్జీగా డీసీపీకి వెళ్లాలి. ‘కాగితంలో ఏముందో నాకు చదివి వినిపించలేదు, సెల్ఫ్ యాక్సిడెంట్ అని నేను చెప్పలేదు’ అని సూటిగా రాయండి. నిజంగా చదివి వినిపించి ఉంటే మాత్రం లేదని రాయొద్దు. ఒక్క అబద్ధం దొరికినా మిగతా కేసంతా కొట్టుకుపోతుంది.

సెల్ఫ్ యాక్సిడెంట్ అన్న ఆ రెండు మాటలు ఏం చేస్తాయో మీకు తెలియాలి. చనిపోయినవాడే నిందితుడు అని రాస్తే, నిందితుడు లేడు కాబట్టి కేసు అబేట్ అయిందని, అంటే దానంతటదే ముగిసిపోయిందని, రిపోర్టు పెట్టి ఫైలు మూసేస్తారు. ఆగమన్నవాళ్లు ఎవరు, ఎంత దూరంలో నిలబడ్డారు, ఏం చేశారు అన్న ప్రశ్నలు ఎవరూ అడగకుండానే దర్యాప్తు పూర్తయినట్టు లెక్క. ఈ నగరంలో చెకింగ్ దగ్గర జరిగే మరణాల్లో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. కుటుంబం ఇంకా కర్మకాండల్లో ఉండగానే కాగితం మీద కథ ఒకే పక్షం నుంచి పూర్తవుతుంది. మీ కథనం కూడా అదే ఫైల్లోకి ఎక్కించడమే ఇప్పుడు మీ పని.

స్టేషన్‌లో ‘ఒకసారి ఎఫ్‌ఐఆర్ అయ్యాక రెండోది కుదరదు’ అంటారు. సగం నిజం. ఒకే సంఘటన మీద అదే కథనంతో రెండో ఎఫ్‌ఐఆర్ వద్దని 2001లో టీటీ ఆంటొనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటి పక్షం పూర్తిగా వేరే కథనంతో ఇచ్చే ఫిర్యాదుకు ఆ నిషేధం వర్తించదని 2004లో ఉప్కార్ సింగ్ కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది. మీది వేరే కథనం. ట్రాఫిక్ స్టేషన్‌లో కాకుండా లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఫిర్యాదులో సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు, జరిగింది రాస్తే చాలు. కానీ ఏది ఎందుకు ముఖ్యమో తెలిసి ఉండాలి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1), శిక్ష ఐదేళ్ల వరకు. ప్రాణం పోవచ్చని తెలిసీ కదులుతున్న బండి మీదికి లాఠీ విసరడం, హ్యాండిల్ పట్టి గుంజడం లాంటివి రుజువైతే 105, అంటే హత్య కాని నేరపూరిత నరహత్య, దాకా వెళ్లే ఆస్కారం ఉంది. ఈ తేడాకు వెంటనే ఫలితం ఉంటుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3) ప్రకారం, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ పెట్టవచ్చు. 106(1) అందులో పడుతుంది, 105 పడదు. కాబట్టి విచారణ చేస్తున్నామంటే, అనుమతి ఏ తేదీన తీసుకున్నారో రాతపూర్వకంగా అడగండి. 15వ రోజున మళ్లీ వెళ్లండి.

పోలీసులు ఏమంటారో కూడా ముందే చెబుతాం. ఆగమన్నా ఆగలేదు, పారిపోయాడు, తప్పు వాడిదే అంటారు. ఆగకపోవడం తప్పే. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. అధికారుల ఆదేశం పాటించకపోతే 179 కింద 2,000 రూపాయల వరకు జరిమానా. ఆ తప్పుకు చట్టం కట్టిన వెల అంతే. ఇటు సురక్షా సంహిత 43వ సెక్షన్ అరెస్టుకు అవసరమైన బలం వాడవచ్చంటూనే, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం చేసిన ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు దానివల్ల రాదని నాలుగో ఉపసెక్షన్‌లో తేల్చి చెబుతోంది. బండి నంబరు కెమెరాలో పడుతుంది, చలాన్ ఇంటికి వెళ్తుంది. అలాంటప్పుడు కదులుతున్న బండిని చేత్తో ఆపాల్సిన అవసరం ఏమొచ్చిందన్నదే మీ కేసులో మొదటి ప్రశ్న.

2018 మార్చిలో తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగకుండా వెళ్లిన దంపతులను ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంటాడి బండిని తన్నడంతో వెనక కూర్చున్న మహిళ చనిపోయారు. అక్కడ ఇన్‌స్పెక్టర్ అరెస్టయ్యారు. ఆగలేదన్న మాట ఆయన్ని కాపాడలేదు.

మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. పోలీసులు దూరం నుంచి చేయి ఊపడం తప్ప ఏమీ చేయలేదని, తరమలేదని, తమ్ముడు తనంత తానే వేగంగా తిప్పుకుని డివైడర్‌కు కొట్టుకున్నాడని కెమెరాలో కనిపిస్తే క్రిమినల్ కేసు నిలబడటం కష్టం. అప్పుడు కూడా అడగాల్సినవి మిగిలే ఉంటాయి. మలుపు దాటగానే కనపడని చోట, వెలుతురు లేని చోట చెకింగ్ ఎందుకు పెట్టారు? కోన్లు, బారికేడ్లు ఎంత ముందు నుంచి కనిపిస్తున్నాయి? పడ్డాక ఎవరు ఎన్ని నిమిషాలకు 108కు ఫోన్ చేశారు? పోలీసు వాహనం తగిలి ఉంటే, గాయపడినవారికి వైద్యం అందించాలన్న మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ బాధ్యత ఆ డ్రైవర్‌కూ ఉంటుంది. ఇవి శాఖాపరమైన చర్యకు, పరిహారానికి ఆధారాలు. ఒకవేళ ‘మా మీదికే బండి తోలాడు’ అంటే ఆత్మరక్షణ వాదన తెస్తారు. ప్రమాదం మీదికి వస్తున్నంతసేపే ఆ హక్కు ఉంటుంది. బండి వెనక్కి తిరిగి పోతుంటే ఉండదు. అందుకే పడిన క్షణంలో బండి ముఖం ఎటు ఉందన్నది తేలాలి. రోడ్డు మీది గీతలు, డివైడర్ మీది దెబ్బ, పోలీసులు వేసిన రఫ్ స్కెచ్ మూడూ ఒకే కథ చెబుతున్నాయో లేదో చూడండి.

పోస్ట్‌మార్టం రిపోర్టు చేతికొచ్చాక చివరి పేరా, అంటే మరణ కారణం, మాత్రమే చదివి పక్కన పెట్టేస్తారు చాలామంది. ‘తలకు గాయం వల్ల’ అన్నది మీకు తెలిసిందే. పైన ఉన్న గాయాల జాబితా చూడండి. రోడ్డు మీద జారి పడితే చర్మం ఒకే దిశలో గీసుకుపోయిన వెడల్పాటి గాయాలు ఉంటాయి, ఎక్కువగా ఒక పక్కనే. లాఠీ దెబ్బ వేరే. సమాంతరంగా రెండు ఎర్రటి గీతలు, వాటి మధ్య పాలిపోయిన చర్మం, రైలు పట్టాల్లాగా. గట్టిగా పట్టి లాగితే జబ్బ మీదో మణికట్టు మీదో వేలి కొసలంత గుండ్రటి కమిలిన మచ్చలు వరసగా పడవచ్చు. అలాంటివి రాసి ఉంటే దర్యాప్తు అధికారి డాక్టరు అభిప్రాయం అడగాలి. ఆయన అడగకపోతే మీరు అర్జీ పెట్టండి. దహనం అయిపోయింది కాబట్టి మళ్లీ చూసే వీలు లేదు. శవానికి స్నానం చేయించిన బంధువులు ఏదైనా చూశారా, ఎవరి ఫోన్‌లోనైనా ఫొటోలున్నాయా ఈ వారంలోనే కనుక్కుని రాసి పెట్టండి. ఉస్మానియాలో చేశారో గాంధీలో చేశారో అక్కడి ఫోరెన్సిక్ విభాగానికి కూడా కాపీ కోసం రాతపూర్వకంగా రాయండి. రక్తంలో మద్యం పరీక్ష చేశారేమో చూడండి. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు. హద్దు దాటినా పోలీసుల బాధ్యత రద్దు కాదు, పరిహారంలో కోత పడవచ్చు.

ఈ పరిస్థితి ఎదురైన ఇతరులకు ఒక్క మాట: పోస్ట్‌మార్టం వీడియో తీయాలని, ఇద్దరు డాక్టర్లు చేయాలని ఆర్డీఓకు, ఆస్పత్రికి శవ పంచనామాకు ముందే కాగితం ఇవ్వండి, అనుమానం తీరేదాకా దహనం వాయిదా వేయండి.

మెజిస్ట్రేట్ విచారణ సంగతికొద్దాం. మీ చేతిలో ఉన్న గట్టి పనిముట్టు ఇది, చాలా కుటుంబాలకు తెలియదు కూడా. కస్టడీలో మనిషి చనిపోతే సురక్షా సంహిత 196(2) ప్రకారం జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ జరగాల్సిందే. రోడ్డు మీద పారిపోతుంటే కస్టడీ ఎక్కడిది అంటారు పోలీసులు. మామూలుగా అది నిజమే. అయితే అరెస్టు చేయడమంటే ఒంటిని తాకడం లేదా నిర్బంధించడం అని 43వ సెక్షనే చెబుతోంది. చేయి పట్టి లాగారని రుజువైతే ఆ క్షణం నుంచి కస్టడీయే అని వాదించవచ్చు. ఆ వాదన నెగ్గకపోయినా 196(1) ఉంది. అనుమానాస్పద మరణాల్లో పోలీసు దర్యాప్తుకు బదులుగా గానీ అదనంగా గానీ మెజిస్ట్రేట్ విచారణ జరపవచ్చు. దానికి కలెక్టరుకు, ఆర్డీఓకు అర్జీ ఇవ్వండి. పోలీసు చర్యలో జరిగిన ప్రతి మరణం మీదా మెజిస్ట్రేట్ విచారణ జరగాలని, వీలైతే మూడు నెలల్లో ముగించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010 మేలో రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ‘పోలీసు చర్య’ అన్న ఆ మాటనే మీ అర్జీలో పెట్టండి. 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎన్‌కౌంటర్ నిబంధనలు కాల్పుల మరణాలకు సంబంధించినవి, మీ కేసుకు నేరుగా అతకవు. దర్యాప్తు వేరే స్టేషన్ బృందమో సీఐడీయో చేయాలన్న అందులోని సూత్రాన్ని మాత్రం ఉదాహరణగా చూపి, ఈ కేసును ఆ స్టేషన్ నుంచి తప్పించమని కోరండి. విచారణకు బంధువులను పిలవాలి, కూర్చోనివ్వాలి. ప్రకటన ఎప్పుడొస్తుందో తెలియక తప్పిపోయేవాళ్లు ఎక్కువ. పదిరోజులకోసారి ఆ ఆఫీసుకు వెళ్లి తేదీ కనుక్కోండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే సురక్షా సంహిత 173(4) కింద పోస్టు ద్వారా డీసీపీకి పంపాలి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గర 175(3) కింద దరఖాస్తు, అఫిడవిట్‌తో. ఈ మెట్టు దాటకుండా కోర్టుకు వెళ్తే అక్కడే తిప్పి పంపుతారు కాబట్టి పోస్టు రసీదు పారేయొద్దు. నిందితులు డ్యూటీలో ఉన్న ఉద్యోగులైతే 175(4) ప్రకారం మెజిస్ట్రేటు ముందు పై అధికారి నివేదిక తెప్పించుకుంటారు, వాళ్ల వాదనా వింటారు. ఇక్కడ నెలలు గడుస్తాయి, నిరాశపడొద్దు. ప్రాసిక్యూషన్‌కు అనుమతి కావాలంటూ ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఆపేస్తే అది తప్పు. 218వ సెక్షన్ అనుమతి కోర్టు కేసును స్వీకరించే దశలో వచ్చే ప్రశ్న. అప్పుడు కూడా ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక 90 రోజుల లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలని 193వ సెక్షన్ అంటోంది. కేసు మూసేస్తూ తుది రిపోర్టు పెడితే మీకు నోటీసు ఇవ్వాలి. 1985 నుంచీ సుప్రీంకోర్టు మాట ఇది. నోటీసు వస్తే ప్రొటెస్ట్ పిటిషన్, అంటే కేసు మూయొద్దని అభ్యంతరం, వేయండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఉచితం, లాయరు అక్కర్లేదు. కానీ రాష్ట్ర కమిషన్‌కో జాతీయ కమిషన్‌కో ఒకదానికే వెళ్లండి. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. ఏడాది దాటితే ఎవరూ తీసుకోరు. నాంపల్లిలో రాష్ట్ర కమిషన్‌కు స్వయంగా వెళ్లి ఇవ్వగలరు కాబట్టి మీకు అదే సులువు. కమిషన్ పరిహారం సిఫారసు చేస్తుంది, నోటీసు ఇచ్చి నివేదికలు తెప్పిస్తుంది. ఆ నివేదికల్లో పోలీసులు రాసే మాటలు ఎఫ్‌ఐఆర్‌తో సరిపోలుతున్నాయో లేదో చూసుకోవడానికి మీకు పనికొస్తాయి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పది రూపాయల పనే. ఆ రాత్రి డ్యూటీ చార్టు, పెట్రోలింగ్ వాహనం లాగ్‌బుక్, చెకింగ్‌కు ఇచ్చిన ఆదేశం కాపీ అడగండి. కారణాలు, అభిప్రాయాలు అడగొద్దు, కాగితాలే అడగండి. దర్యాప్తులో ఉందని 8(1)(హెచ్) కింద తిరస్కరిస్తే, ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో చెప్పలేదని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

పరిహారం దారి వేరే, గడువు వేరే. పోలీసు వాహనమో, ఆర్టీసీ బస్సో, మరో వాహనమో తగిలి ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166 కింద క్లెయిమ్ వేయవచ్చు, మీరు ఉండే చోటైనా సరే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ఆరు నెలల లోపు వేయాలి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మరదలితో పాటు పుట్టబోయే బిడ్డనూ ఆధారపడినవారిగా చూపాలి, గర్భం నమోదు కార్డు, స్కానింగ్ కాగితాలు దాచి ఉంచండి. ఏ వాహనమూ తగలకపోతే ట్రిబ్యునల్ దారి సన్నబడుతుంది. అప్పుడు హైకోర్టులో రిట్. పోలీసుల చేతిలో ప్రాణం పోతే ప్రభుత్వం నేరుగా పరిహారం చెల్లించాల్సిందేనని 1993లో నీలాబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయలు ఇప్పించింది. ఆ తీర్పే ఈ రిట్‌లకు పునాది. బండి తమ్ముడి పేరునే ఉంటే పాలసీలో ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉందేమో చూడండి. లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి, మద్యం ఉంటే ఇవ్వరు. సెల్ఫ్ యాక్సిడెంట్ అన్నా ఇది వర్తిస్తుంది. కానీ ఆ బీమా ఫారంలో ‘తనంతట తానే పడ్డాడు’ అని మీ చేత్తో రాయకండి. ‘దర్యాప్తులో ఉంది’ అని రాయండి. రెండు చోట్ల రెండు కథలు ఉంటే రెండూ పోతాయి.

లాయరు ఖర్చు గురించి దిగులు పడొద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయండి, లేదా పురానీ హవేలీలోని న్యాయ సేవా సంస్థకు మరదలిని తీసుకెళ్లండి. దరఖాస్తుదారుగా ఆమె పేరు, మీ పేరు పెట్టండి.

పాన్‌డబ్బా అతన్ని నిలదీయొద్దు. అతని బతుకు ఆ రోడ్డు మీదే ఉంది, అక్కడి పోలీసులు రోజూ ఎదురవుతారు. మొదటి రోజు ఎవరితో ఏమన్నాడో, విన్నవాళ్ల చేత తేదీతో రాయించండి. అతని మాట మెజిస్ట్రేటు ముందు సురక్షా సంహిత 183 కింద నమోదు చేయించమని దర్యాప్తు అధికారికి కాగితం పెట్టండి. భయమున్న సాక్షికి 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి ఆధ్వర్యంలోని కమిటీకి దరఖాస్తు చేసుకునే వీలుందని అతనికి నెమ్మదిగా, ఇంటి దగ్గర, ఒక పెద్దావిడ చేత చెప్పించండి.

ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఇప్పుడు అవునని గానీ కాదని గానీ చెప్పకండి. డబ్బు తీసుకోవద్దు. ఖాళీ కాగితం మీద, స్టాంపు పేపరు మీద, ‘మాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అన్న కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. ముఖ్యంగా నాన్నను ఒంటరిగా వదలొద్దు. నిర్లక్ష్య మరణం కేసు పోలీస్ స్టేషన్‌లో రాజీ అయ్యేది కాదు, చట్టం దాన్ని రాజీకి వీలున్న నేరాల జాబితాలో పెట్టలేదు. అంటే డబ్బిచ్చినవాళ్లకు కావాల్సింది రాజీ కాదు, మీ సాక్ష్యం మారడం. ఆయన మళ్లీ వస్తే కూర్చోబెట్టి, ఎవరి తరఫున వచ్చారో పేరు అడగండి. వచ్చిన తేదీ, సమయం, అన్న మాటలు ఆయన వెళ్లగానే నోటు పుస్తకంలో రాసి, ఇంట్లో ఇద్దరు సంతకం చేయండి. డీసీపీకి పంపే తర్వాతి అర్జీలో ఆ పేజీ కాపీ జత చేయండి.